తీగ గులాబి ఎక్కుతుంది కానీ పూయదెందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

మల్లె, సన్నజాజి, రాధామనోహరం మన ఇళ్లల్లో తరాలుగా పందిళ్లెక్కుతున్నవే కాబట్టి వాటి గురించి ఎవరికీ పెద్దగా చెప్పక్కర్లేదు. తీగ గులాబి సంగతి వేరు. నర్సరీ నుంచి తెచ్చి గేటు పక్కన నాటడం, అది రెండేళ్లలో మేడ మీదికి ఎగబాకడం, చిట్టచివర నాలుగు పూలు పూసి ఊరుకోవడం, ముళ్లు గుచ్చుకుంటున్నాయని ఎవరో ఒకరు మొదలంటా నరికేయడం, ఇదే వరస చాలా ఇళ్లల్లో కనిపిస్తుంది. మంచి మొక్క అలా పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కింద రాసినవి తెలంగాణ, ఆంధ్ర మైదాన ప్రాంతాల ఎండల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి, బెంగళూరులోనో కొండల మీదో ఉన్నవాళ్లు నెలలు కాస్త అటూ ఇటూ సర్దుకోవాలి.

మా గులాబి పదిహేను అడుగులు పెరిగింది, పూలు మాత్రం పైన చివర్న నాలుగే. ఎరువు తక్కువైందా?

ఎరువు కాదండీ. కొమ్మని నిటారుగా వదిలేశారు, అంతే.

గులాబి కొమ్మ నిలువుగా ఉన్నంతకాలం దాని కొసన ఉన్న మొగ్గదే పెత్తనం. ఆ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, దారిలో ప్రతి కణుపు దగ్గరా ఉన్న కళ్లని, అంటే కొత్త చిగురు పుట్టే చోట్లని, నిద్ర లేవకుండా ఆపుతుంది. అందుకే పదిహేను అడుగుల కొమ్మ మీద ఎన్నో కళ్లున్నా పైన ఉన్న రెండు మూడే చిగురేస్తాయి, అక్కడే పూస్తాయి. అదే కొమ్మని అడ్డంగా, నేలకి సమాంతరంగా వంచి కడితే కొస పెత్తనం సడలిపోతుంది, పై వైపున ఉన్న కళ్లు వరసపెట్టి లేస్తాయి, ఒక్కో కంటి నుంచి జానెడు పక్కకొమ్మ వచ్చి దాని చివర గుత్తి పూస్తుంది. నాలుగు పూలు పూసిన కొమ్మే పొడుగునా పూస్తుంది.

ఈ పేజీలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి పెట్టుకోండి. మిగతావన్నీ దీని తర్వాతే.

వంచితే విరుగుతుందేమోనని భయంగా ఉంది. ఎలా వంచాలి?

ముదిరిపోయి బెరడు కట్టిన కొమ్మైతే విరుగుతుంది, దాని జోలికి వెళ్లకండి. ఆ ఏడాది మొక్క మొదలు దగ్గర నుంచి వచ్చిన పచ్చటి పొడుగాటి కొమ్మలుంటాయి చూడండి, చిటికెన వేలు లావులో, అవి వంగుతాయి. ముందురోజు సాయంత్రం మొక్కకి నిండుగా నీళ్లు పెట్టండి, మర్నాడు కాస్త పొద్దెక్కాక, కొమ్మ వెచ్చబడ్డాక పని మొదలెట్టండి. తెల్లారగట్ల చలిలో కొమ్మ పెళుసుగా ఉంటుంది.

తోలు గ్లౌజులు వేసుకుని, ఒక చేత్తో కొమ్మ మొదట్లో గట్టిగా పట్టుకుని, బొటనవేలు వంపు కింద ఆన్చి, రెండో చేత్తో కొసని మెల్లగా పక్కకి తీసుకురండి. చిన్నగా చిటుక్కుమన్న చప్పుడు వస్తే అక్కడితో ఆపేయండి. ఎంత వంగితే అంతవరకూ కట్టి, నాలుగైదు రోజులాగి ఇంకాస్త వంచండి. ఒక్క రోజులో పడుకోబెట్టాలని పంతం పట్టొద్దు. పూర్తిగా అడ్డంగా రాకపోయినా ఏటవాలుగా వస్తే చాలు, అప్పటికే తేడా కనిపిస్తుంది.

కట్టడానికి ఇనుప తీగ, నైలాన్ దారం వాడకండి, కొమ్మ లావెక్కేసరికి బెరడులోకి దిగిపోతాయి. పాత నూలు చీర చింపిన పీలికలు బాగా పనికొస్తాయి. పీలికని ఎనిమిది అంకెలాగా తిప్పాలి, ఒక సున్నాలో కొమ్మ, రెండో సున్నాలో ఆసరా తీగ, మధ్యలో ముడి. కొమ్మ చుట్టూ వేలు దూరేంత వదులుండాలి. కట్టిన వారం పది రోజులకి వెళ్లి చూడండి, ఆకు తొడిమ కొమ్మని అంటుకున్న చోట, ఆ సందులో, ఎర్రగా ఉబ్బిన చిన్న మొటిమ కనబడుతుంది. అదే మీ పువ్వు. ఆ దశలో అక్కడ చెయ్యి తగిలితే ఊడిపోతుంది, జాగ్రత్త.

తీగ గులాబి దానంతటదే పాకదా? బీర, దొండ పాకుతాయి కదా?

పాకదు. బీరకీ దొండకీ నులితీగలుంటాయి, దొరికిన దాన్ని చుట్టేసుకుంటాయి. గులాబికి అవి లేవు. అడవిలో వంకర ముళ్లని పక్క చెట్ల కొమ్మలకి తగిలించుకుంటూ పైకెళ్తుంది, మన గోడకి ఆ సదుపాయం లేదు కాబట్టి ఆ పని మనమే కట్టి చెయ్యాలి. నులితీగలున్న మొక్కలాగా దాన్ని దాని మానాన వదిలేస్తే గాలికి ఊగి, కొమ్మలు ఒకదాన్నొకటి గీరుకుని, ఆ గాయాల్లోంచి తెగుళ్లొస్తాయి.

ఏ రకం తెచ్చుకోవాలి?

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. తీగ గులాబుల్లో ఏడాదికి ఒక్కసారి విరగబూసి ఊరుకునేవి కొన్ని, ఏడాది పొడుగునా దఫదఫాలుగా పూసేవి కొన్ని. మొదటి రకాల్లో చాలావాటికి గట్టి చలి కావాలి, అది మన మైదానాల్లో లేదు, కాబట్టి మనకి రెండో రకాలే నయం. ఈ రెంటికీ ఎంత దగ్గరి చుట్టరికమంటే, అమెరికాలో ఏడాదికోసారి పూసే డాక్టర్ వాన్ ఫ్లీట్ అనే తీగ గులాబి మీద మళ్లీ మళ్లీ పూసే కొమ్మ ఒకటి దానంతటదే పుట్టింది. దానికి న్యూ డాన్ అని పేరు పెట్టారు, 1931లో ఆ దేశంలో ఒక మొక్కకి ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు దానికే.

మన దేశంలో పుట్టిన వాటిలో ఢిల్లీ వైట్ పెర్ల్, ఢిల్లీ పింక్ పెర్ల్ ముందు చెప్పాలి. గోధుమ రకాల మీద పనిచేసి, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన డాక్టర్ బి.పి. పాల్ చేసినవి ఇవి. ఆయనకి గులాబులంటే ప్రాణం. ఉత్తరాది ఎండలు చూసిన మొక్కలు కాబట్టి మన ఎండలకి బెదిరిపోవు. తెల్ల గులాబి కావాలంటే క్లైంబింగ్ ఐస్‌బర్గ్‌కి కళ్లు మూసుకుని ఓటేస్తాను, వాసన తక్కువే కానీ ముళ్లు తక్కువ, పూత ఎక్కువ, వేడికి ఓర్చుకుంటుంది. ఎరుపులో డాన్ జువాన్, పసుపులో గోల్డెన్ షవర్స్. పాత బంగళాల్లో కనబడే మారెషల్ నీల్ 1864 నాటి ఫ్రెంచి గులాబి, లేత పసుపు, తల వంచి వేలాడే పూలు, కమ్మటి వాసన. దానికి ఓపిక ఎక్కువ కావాలి, మొదటి మొక్కగా వద్దు.

మన ఎండకి తట్టుకునే గులాబుల గురించి మాట్లాడుతూ ఎం.ఎస్. వీరరాఘవన్ గారి పేరు చెప్పకపోతే ఎలా? ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందే వదిలేసి కొడైకెనాల్‌లో స్థిరపడి, భార్య గిరిజ గారితో కలిసి కొత్త గులాబులు తయారుచేశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది, చలిదేశాల గులాబుల్ని తెచ్చి మన ఎండలో నిలబెట్టి ఏడవడం కంటే మన అడవి గులాబుల రక్తం వాటిలో కలపాలని. మణిపూర్ కొండల్లో చెట్లెక్కే రోసా జైగాంటియా, వరద నీళ్లలో మునిగినా చావని మన మైదానాల రోసా క్లైనోఫిల్లా, ఈ రెంటినీ పట్టుకున్నారు. సర్ జార్జ్ వాట్, మణిపూర్ మ్యాజిక్ లాంటి పెద్ద తీగ గులాబులు అలా వచ్చినవే. మామూలు నర్సరీలో దొరకడం కష్టం, ఎక్కడైనా కనబడితే వదులుకోకండి.

ఒక మాట. కడియం వైపు నర్సరీలకి వెళ్లినా, హైదరాబాద్ రోడ్డు పక్కన కొన్నా, "తీగ గులాబి" అని చెప్పినంత మాత్రాన నమ్మి తేవద్దు. పొడుగ్గా సాగిన మామూలు పొద గులాబిని కూడా తీగ అని ఇచ్చేస్తారు. పాత మొక్క, పూసి ఉన్నది ఒకటి ఎదురుగా చూపించమని అడగండి.

ఆన్‌లైన్‌లో నీలం, నలుపు, ఏడురంగుల తీగ గులాబి విత్తనాలు వంద రూపాయలకే ఉన్నాయి, కొనొచ్చా?

వద్దు. ఆకాశనీలం తీగ గులాబి అసలు లేదు, ఆ ఫొటోలు రంగు మార్చినవి. పైగా పేరున్న ఏ గులాబి అయినా విత్తనంతో వేస్తే తల్లి మొక్కలా రాదు. అందుకే అంటు కడతారు. ఆ వంద రూపాయలకి సంచి పశువుల ఎరువు కొనుక్కోండి.

ఎక్కడ నాటాలి? మాకు పడమటి గోడే ఖాళీగా ఉంది.

రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి, అందులో పొద్దుటి ఎండ ఉంటే మరీ మంచిది, ఆకుల మీది మంచు త్వరగా ఆరిపోయి తెగుళ్లు తగ్గుతాయి. తూర్పు గోడ మొదటి ఎంపిక. పడమటి గోడ కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమంతా కాగిన గోడ రాత్రి పదింటిదాకా సెగలు కక్కుతూనే ఉంటుంది, మొక్కకి ఊపిరాడదు, ఆకుల రసం పీల్చే సన్నటి ఎర్రనల్లి అక్కడే చేరుతుంది. అదే దిక్కైతే గోడకి ఆనించకుండా ఒకటిన్నర అడుగు ఎడంగా నాటి, గోడకీ కొమ్మలకీ మధ్య జానెడు గాలి ఆడేలా ఆసరా కట్టి, వేసవిలో గ్రీన్ నెట్ వేసుకోండి. గులాబి వేర్లు గోడని పగలగొడతాయన్న భయం మాత్రం అక్కర్లేదు.

గుంత ఎంత తియ్యాలి? మాది నల్లరేగడి నేల.

రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. మూడు నాలుగు రోజులు ఎండనిచ్చి, తీసిన మట్టికి రెండు తట్టల బాగా చివికిన పశువుల ఎరువు, పావుకిలో వేపపిండి కలిపి నింపండి. వేపపిండి వల్ల చెదలు కూడా తగ్గుతాయి. నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి, గులాబికి అదే గిట్టదు, అందుకని సగం ఎర్రమట్టి, కాస్త ఇసుక కలిపి, పాదు నేల మట్టం కంటే అరడుగు ఎత్తుగా చెయ్యండి. అంటు కట్టిన ముడి, అంటే మంచి రకాన్ని కింది అడవి గులాబి మొక్కకి అతికించిన చోటు, మన ప్రాంతంలో మట్టిపైన రెండంగుళాలు కనబడాలి, పూడ్చేస్తే కింది మొక్క వేర్లు పిలకలేస్తాయి. మొక్కకీ మొక్కకీ మధ్య ఏడెనిమిది అడుగులు వదలండి, దగ్గరగా నాటితే అడ్డంగా వంచడానికి చోటుండదు.

నాటడానికి జూన్ చివర నుంచి ఆగస్టు దాకా ఒక అదను, వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు ఇంకా మంచి అదను. మార్చి దాటాక తెస్తే దాన్ని బతికించుకోవడమే పనైపోతుంది.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో, కుండీలో వస్తుందా?

వస్తుంది. పైగా బాల్కనీ రెయిలింగు దీనికి చక్కటి చోటు, ఎలాగూ అడ్డంగానే ఉంటుంది కాబట్టి కొమ్మల్ని దాని పొడుగునా కట్టుకుంటూ పోతే చాలు. కుండీ మాత్రం చిన్నదైతే లాభం లేదు, 18 అంగుళాలకి తక్కువ వద్దు, దొరికితే 50 లీటర్లది తెచ్చుకోండి. తడిసిన మట్టితో అది 60 కిలోలు దాటుతుంది, కాబట్టి ముందే దాని చోటులో పెట్టి నింపండి, గోడకో స్తంభానికో దగ్గరగా ఉంచండి. నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు వర్మీ కంపోస్టు లేదా పశువుల ఎరువు, రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి. రెండు మూడేళ్లకోసారి చలికాలం మొదట్లో పైమట్టి అరడుగు తీసి కొత్తది వెయ్యాలి.

ఆసరాకి ఏం వాడాలి?

గోడ అయితే హుక్కులు కొట్టి జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) అడ్డంగా లాగండి, మొదటి వరస నేలకి అడుగున్నర ఎత్తులో, ఆపైన అడుగున్నరకొక వరస. తీగకీ గోడకీ మధ్య నాలుగంగుళాలైనా ఉండాలి. గేటు మీద ఆర్చి పెట్టేవాళ్లు దాన్ని నేలలో రెండడుగులు దించి సిమెంటు వెయ్యండి, ముఖ్యంగా కోస్తా వాళ్లు, తుపాను గాలికి ఆకులతో నిండిన ఆర్చి తెరచాపలా లేచిపోతుంది. వెదురు బొంగులు అందంగా ఉంటాయి కానీ వానలకీ చెదలకీ రెండేళ్లు ఆగడం గొప్ప. స్తంభానికి ఎక్కించేటప్పుడు కొమ్మని నిలువుగా కట్టకుండా స్తంభం చుట్టూ మెలితిప్పుతూ కట్టండి, అదీ వంచడమే.

నీళ్లు ఎన్నిసార్లు? మాది బోరు నీరు, ఉప్పగా ఉంటుంది.

నేలలో ఉన్న మొక్కకి చలికాలంలో నాలుగు రోజులకోసారి, ఎండాకాలంలో రోజు విడిచి రోజు, పాదు నిండా. కుండీకి వేసవిలో రోజూ, మరీ మండే రోజుల్లో రెండు పూటలా. వేలు రెండంగుళాలు మట్టిలోకి దింపి చూసి తడి లేకపోతేనే పొయ్యండి. ఆకుల మీద సాయంత్రం నీళ్లు చల్లొద్దు.

బోరు నీటితో అసలు చిక్కు ఉప్పు. కుండీ అంచున తెల్లగా పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి, కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఈ చివరిది ఇనుము అందక వచ్చేది, నేలలో ఇనుము ఉన్నా సున్నం ఎక్కువైతే మొక్క తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు ఆకుల మీద చల్లితే పచ్చబడుతుంది. నెలకోసారి కుండీ అడుగు నుంచి బాగా కారిపోయేదాకా మంచి నీళ్లు పోసి ఉప్పు కడిగెయ్యండి. వానాకాలంలో డ్రమ్ము పెట్టి వాన నీళ్లు పట్టుకుంటే ఇంకేం కావాలి.

బియ్యం కడుగు, ఉల్లిపొట్టు నీళ్లు, అరటి తొక్కలు, టీ పొడి ఇవన్నీ పనిచేస్తాయా?

హాని లేదు, కానీ వాటిమీదే ఆధారపడితే పది అడుగుల మొక్క పస్తులున్నట్టే. తీగ గులాబి తిండిపోతు. టీ పొడి పాలూ చక్కెరా పోయేలా కడిగి వెయ్యండి, లేకపోతే చీమలు చేరతాయి. తొక్కలు నేరుగా పాదులో పడేయకుండా కంపోస్టు గుంతలో వెయ్యండి.

అసలు తిండి ఇదీ: అక్టోబరులో కత్తిరింపు తర్వాత నేలలోని పెద్ద మొక్కకి పది కిలోల చివికిన పశువుల ఎరువు, 100 గ్రాముల ఎముకల పొడి, 150 గ్రాముల వేపపిండి. మొదలుకి ఆనించకుండా అడుగు దూరంలో పాదు చుట్టూ వేసి మట్టిలో కలపాలి. పూత కాలమంతా ఇరవై రోజులకోసారి రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్టు. మొగ్గలు కనబడే ముందు లీటరు నీటికి 5 గ్రాముల 13-0-45 ఎరువు (పొటాషియం నైట్రేట్) ఆకులపై చల్లితే పూలు నిండుగా వస్తాయి. యూరియా వద్దు, ఆకులు ఏపుగా వస్తాయి, పూలు రావు, పైగా ఆ లేత ఆకులకి పేనుబంక పరుగెత్తుకొస్తుంది. ఏప్రిల్, మేల్లో ఏ ఎరువూ వద్దు, నీళ్లూ నీడా చాలు.

కత్తిరింపు ఎప్పుడు, ఎంత?

పొద గులాబిని వానలు వెళ్లాక అక్టోబరులో సగానికి నరుకుతాం, ఆరేడు వారాల్లో పూస్తుంది. తీగ గులాబిని అలా నరికితే ఏడాదంతా పెంచుకున్న పూత కొమ్మని చేతులారా పారేసినట్టు. అది మళ్లీ పొడుగు పెరగడానికే బలమంతా పెడుతుంది, పూత ఊసెత్తదు. తోటమాలిని పెట్టుకున్నవాళ్లు ఈ సంగతి ముందే చెప్పి, ఆ రోజు దగ్గర ఉండండి, ఎందుకంటే వాళ్లకి అన్ని గులాబులూ ఒకటే.

నాటిన మొదటి రెండేళ్లు కత్తెర పెట్టొద్దు. ఎండినవి, విరిగినవి మాత్రం తీసెయ్యండి, మిగతావన్నీ పెరగనిచ్చి వంచి కట్టుకుంటూ పోవడమే. మూడో ఏడు నుంచి, మొదట్లోంచి వచ్చిన పెద్ద కొమ్మలు నాలుగైదు ఉంచుకోవాలి, అవే అస్థిపంజరం, వాటిని పొడుగులో కత్తిరించకూడదు. వాటి మీద నుంచి వచ్చి పూసి అయిపోయిన పక్కకొమ్మల్ని మాత్రం రెండు మూడు కళ్లు వదిలి కత్తిరించండి, మళ్లీ పూసేది ఆ కళ్ల నుంచే. ఏటా అన్నిటికంటే ముసలి కొమ్మ ఒకటి మొదలంటా తీసేసి దాని స్థానంలో కొత్త కొమ్మని వంచండి. ఇలా చేస్తే మొక్క ఎప్పటికీ ముసలిదవదు.

క్లైంబింగ్ అని పేరు ముందు ఉన్నవి, అంటే పొద గులాబి మీద పొరపాటున పుట్టిన తీగలు, వాటిని మొదట్లోనే గట్టిగా నరికితే తీగ గుణం పోయి మళ్లీ పొదగా మారిపోయే ప్రమాదం ఉంది. నెల్లూరు, ప్రకాశం వైపు నవంబరుదాకా వానలుంటాయి కాబట్టి అక్కడ ముసురు వెళ్లాకే పని మొదలెట్టాలి. కోసిన ప్రతి పెద్ద గాయానికీ కాపర్ ఆక్సీక్లోరైడ్‌ని నీళ్లతో ముద్ద చేసి పూయండి, లేకపోతే కొమ్మ పైనుంచి నల్లగా ఎండుకుంటూ కిందికి దిగుతుంది. అలా ఎండడం మొదలైతే నలుపు కింద రెండంగుళాలు దిగి, లోపలి గుజ్జు తెల్లగా కనబడేచోట కొయ్యాలి.

మొదట్లోంచి బలమైన కొమ్మ ఒకటి దూసుకొచ్చింది, ఆకులు వేరేగా ఉన్నాయి. ఉంచాలా?

ఎక్కడి నుంచి వచ్చిందో మట్టి తీసి చూడండి. అంటు ముడి పైనుంచి వస్తే అది మీ భాగ్యం, వంచి కట్టండి. ముడి కింద నుంచి వస్తే అది అంటుకి వాడిన కింది మొక్కది, అడవి గులాబి, బలమంతా లాగేసి నాలుగేళ్లలో పైమొక్కని చంపేస్తుంది. "మా ఎర్ర గులాబి తెల్లగా మారిపోయింది" అనేవాళ్ల ఇళ్లల్లో జరిగింది ఇదే. కత్తిరిస్తే మళ్లీ వస్తుంది, పుట్టినచోటికి తవ్వి లాగి పీకెయ్యాలి. ఏడు ఆకులుంటే అడవిది అనే లెక్క నమ్మొద్దు, మంచి తీగ గులాబుల్లో చాలావాటికి ఏడు ఆకులుంటాయి.

ఆకులు రాలుతున్నాయి, మొగ్గలు మాడుతున్నాయి. ఏం మందు కొట్టాలి?

ముందు ఏమిటో చూడకుండా మందు కొట్టొద్దు.

మొగ్గ అంచులు గోధుమ రంగులో మాడి, విప్పకుండా ఉండిపోతే తామర పురుగులు. మొగ్గని తెల్ల కాగితం మీద తట్టండి, సన్నటి గీతల్లాంటివి పాకుతాయి. పాడైన మొగ్గలు తుంచి పారేసి, నీలి రంగు జిగురు అట్టలు వేలాడదీసి, వేపనూనె లీటరుకి 5 మి.లీ. కలిపి వారానికోసారి. తగ్గకపోతే స్పైనోసాడ్ లీటరుకి 0.3 మి.లీ., సాయంత్రం పూట, తేనెటీగలు వెళ్లిపోయాక.

వానాకాలంలో ఆకు మీద అంచులు చెదిరిన నల్ల మచ్చలు, చుట్టూ పసుపు, ఆకు రాలడం, ఇది నల్ల మచ్చ తెగులు. రాలిన ఆకులన్నీ ఏరి కాల్చెయ్యండి, సగం పని అదే. మాంకోజెబ్ లీటరుకి 2.5 గ్రాములు. చలికాలంలో లేత ఆకుల మీద బూడిద చల్లినట్టుంటే బూడిద తెగులు, దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. గంధకాన్ని మండే ఎండలో గానీ, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గానీ కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి. వేసవిలో ఆకులు మసకబారి కింద సన్నటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి, పైపుతో ఆకు అడుగున పొద్దున్నే గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది.

తీగ గులాబికి ప్రత్యేకంగా వచ్చే బెడద పొలుసు పురుగు. పెద్ద కొమ్మలు ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి వాటికి గోడవైపు, మనకి కనబడని చోట తెల్లగా సున్నం చల్లినట్టు అంటుకుంటుంది. పాత టూత్ బ్రష్‌ని సబ్బు నీళ్లలో ముంచి రుద్ది, తర్వాత వేపనూనె కొట్టండి.

ఆకు అంచుల్లో కత్తెరతో కోసినట్టు గుండ్రటి చంద్రవంకలుంటే టెన్షన్ పడకండి. అది ఆకు కోసే తేనెటీగ, గూడు కట్టుకోవడానికి ముక్కలు తీసుకెళ్తుంది. మందు కొట్టొద్దు, దాని దారిన దాన్ని పోనివ్వండి.

మే నెలలో పూలు చిన్నవైపోయాయి, రంగు వెలిసింది. మొక్క పోతుందా?

పోదు. 35 డిగ్రీలు దాటితే గులాబికి పూయాలన్న మనసుండదు, పువ్వు త్వరగా విప్పేసి రెక్కలు తగ్గిపోతాయి. మొగ్గలు వచ్చినవి వచ్చినట్టు తుంచేసి మొక్కకి విశ్రాంతినివ్వండి. పాదులో ఎండు ఆకులో, వరిగడ్డో, కొబ్బరి పీచో మూడంగుళాల మందాన పరవండి.

ఇంకో మొక్క చేసుకోవాలంటే?

కొమ్మ ముక్కలు నాటేకంటే తీగ గులాబికి నేల అంటు తేలిక. జులై, ఆగస్టుల్లో పొడుగాటి కొమ్మని నేలకి వంచి, తాకినచోట కణుపు కింద అంగుళం పొడుగున ఏటవాలుగా చిన్న గాటు పెట్టి, గాటు మూసుకోకుండా పుల్లముక్క దూర్చి, మట్టి కప్పి మీద రాయి పెట్టండి. తల్లి నుంచి తిండి అందుతూనే ఉంటుంది కాబట్టి ఎండిపోదు. రెండు నెలలకి మెల్లగా లాగి చూస్తే రాకుండా గట్టిగా ఉంటే వేళ్లు వచ్చినట్టే, ఇంకో నెల ఆగి కోసి వేరు చెయ్యండి.

ఇంటి ముందు ముళ్ల మొక్క ఉండకూడదంటారు?

అలా అనేవాళ్లు కూడా చాలామంది గులాబిని మినహాయిస్తారు. నమ్మకం మీ ఇష్టం. నేను చెప్పేది పిల్లల కళ్ల గురించి. నడిచే దారిలో, వాళ్ల ముఖం ఎత్తులో కొమ్మ కొస వేలాడకుండా చూసుకోండి. చోటు ఇరుకైతే ముళ్లు తక్కువ ఉన్న ఐస్‌బర్గే పెట్టుకోండి.

మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇవే పద్ధతులా?

వంచడం ఎక్కడైనా అదే. మీకు మాత్రం పెగ్గీ మార్టిన్ అనే తీగ గులాబి గురించి చెప్పాలి. 2005లో కత్రినా తుపానుకి లూసియానాలో ఒక ఇంటి తోట రెండు వారాలకి పైగా ఉప్పు నీళ్లలో మునిగిపోతే, ఆ తోటలో బతికి బయటపడ్డ గులాబి అదొక్కటే. ముళ్లు లేవు, గులాబీ రంగు చిన్న పూల గుత్తులు. డాలస్, హ్యూస్టన్‌లలో కంచెల మీద హాయిగా పెరుగుతుంది. దాని ముఖ్యమైన పూత వసంతంలో, అదీ పాత కొమ్మ మీద, కాబట్టి చలికాలంలో కత్తిరించకండి, వసంతం పూలు అయిపోయాక కత్తిరించండి. మీ ఇంటి సంఘం వాళ్ల నిబంధనలు చూసుకుని ఆసరా పెట్టుకోండి.

పూజకి రోజూ కోసుకుంటే మొక్క బలహీనపడుతుందా?

పడదు, కోస్తేనే మంచిది. వదిలేస్తే కాయ కట్టి, మళ్లీ పూయడం ఆలస్యమవుతుంది. పువ్వుని చేత్తో తెంపకుండా కత్తెరతో, దాని కింద మొదటి అయిదాకుల రెమ్మ పైన కొయ్యండి. గుత్తి పూసే రకాల్లో విడి పూలు ఏ రోజుకారోజు కోసుకుని, గుత్తి మొత్తం అయ్యాక కాడ తియ్యండి. మందు కొట్టిన వారంలో మాత్రం దేవుడికీ జడకీ కొయ్యకండి.